లజ్ నుంచి ఉప్పుటేరు దాకా

(చెన్నై మైలాపూరులో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ల చిన్న సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. నడక గురించి మాట్లాడమని పిలిచి, ఫ్యాన్ కింద మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టడం మన తెలుగువాళ్లకే చెల్లింది. (నవ్వులు) ఏం ఫరవాలేదు. మిమ్మల్ని కుర్చీల్లోంచి లేపకుండానే నడిపిస్తాను. కాళ్లు నొప్పులు పుడితే అమృతాంజనం వాళ్ల ఆఫీసు ఇక్కడే, లజ్ చర్చి రోడ్డులోనే ఉంది.

నేను చెప్పబోయే దారి పెద్దదేం కాదండి. నాగేశ్వరరావు పార్కు గేటు దగ్గర మొదలుపెట్టి, లజ్ కూడలి దగ్గర కాలువ దాటి, కపాలీశ్వరుడి కోనేటి పక్కగా మందవెలి మీదుగా వెళ్లి, అడయారు ఉప్పుటేటి ఒడ్డున తేలతాం. పని ఉన్నవాడు గంటంబావులో పోతాడు. నాలాంటి రిటైరైనవాడికి మూడు గంటలు పడుతుంది. మా ఆవిడ లెక్క ప్రకారం నాలుగు, ఎందుకంటే కాఫీకి రెండుసార్లు ఆగుతాను.

నేను ఈ ఊరొచ్చి నలభై ఏళ్లు దాటింది. అందులో మొదటి పాతికేళ్లూ ఈ దారిలో నేను నీళ్లను చూడలేదు. బస్సులోంచి చూసేవాణ్ణి, ముక్కు మూసుకునేవాణ్ణి, అంతే. మైలాపూరంటే గుడి, కచేరీలు, అప్పడాలు, వెండి సామాను అనుకునేవాణ్ణి. ఇది నీళ్ల మధ్య ఊరని, అందులోనూ ఉప్పునీళ్ల పక్కన ఊరని తట్టలేదు. ఈ సాయంత్రం నేను పట్టుకుని నడవబోయేది ఆ ఉప్పునే.

సరే, పార్కు గేటు. మీలో సగంమంది పొద్దున్నే అక్కడికి వెళ్లేవాళ్లే. నెలకో ఆదివారం పిల్లలు మైకు లేకుండా పాడతారు చూడండి, అదే పార్కు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది, 1914లో మద్రాసొచ్చి దినపత్రిక అయింది. తలనొప్పి మందు అమ్మి వచ్చిన డబ్బు పత్రికకు పోశారు. పత్రిక చదివితే తలనొప్పి వస్తుందని, కాబట్టి వ్యాపారం రెండువైపులా నడిచిందని మా నాన్న జోకు. పంతులుగారి ఇల్లు శ్రీబాగ్ కూడా ఈ పక్కనే. 1937లో కోస్తావాళ్లూ రాయలసీమవాళ్లూ కూర్చుని ఒప్పందం చేసుకుంది ఆ ఇంట్లోనే. అక్కడినుంచి రాయపేట హైరోడ్డు ఎక్కితే పొట్టి శ్రీరాములుగారు 1952లో 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం వదిలిన బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. ఇవన్నీ మనం ఏటా నవంబరు ఒకటిన చెప్పుకునేవే, ఇక్కడ ఆగను. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం జరిగినప్పుడు ముందు నిలిచినవాళ్లలో పంతులుగారు, టంగుటూరి ప్రకాశంగారు ఉన్నారు. ఇంకొకరు కూడా ఉన్నారు. ఆవిడ దగ్గరికి దారి చివర్లో వస్తాం.

లజ్ మూల దాటాక తిరుమయిలై రైల్వే స్టేషన్. పైన రైలు, కింద కాలువ. అక్కడ ఎవరూ ఆగరు. నేను ఆగమంటాను. పిట్టగోడ పట్టుకుని కిందికి చూడండి. నల్లగా, కదలకుండా, థర్మకోల్ ముక్కలు, కొబ్బరిబొండాలు, ఒక్కోసారి దేవుడి పటం. ఇదే బకింగ్‌హాం కాలువ. మా తాత మద్రాసొచ్చిన దారి.

మాది నెల్లూరు జిల్లా, కృష్ణపట్నం దగ్గర పల్లె. మా తాత సర్వి కట్టెల పడవ మీద కూలీ. సరుగుడు అంటారు మీ గుంటూరు వైపు, మాకు సర్వి. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. గాలి పడిపోతే ఇద్దరు గట్టు మీదికి దిగి, తాడు భుజానికి వేసుకుని పడవను లాక్కుంటూ నడిచేవాళ్లు. కృష్ణపట్నం నుంచి మద్రాసు దాకా. లాకుల దగ్గర నీళ్లు సమం అయ్యేదాకా కూర్చుని గంజి కాచుకునేవాళ్లట. మా తాత కుడిభుజం మీద చర్మం ఒక పట్టీలాగా గట్టిగా, మెరుస్తూ ఉండేది. చిన్నప్పుడు నేను దాని మీద గోరుతో గీకితే ఆయనకు తెలిసేది కాదు. పక్కకు తిరిగి ‘ఏందిరా?’ అని కూడా అనేవాడు కాదు. తాడు రాసిన చోటు అది.

కాబట్టి నడక గురించి నేను మాట్లాడుతున్నానంటే మా తాత నవ్వుతాడు. ఆయన నడిచింది కూలికి. నేను నడిచేది షుగరుకు.

ఈ కాలువ కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది తమిళనాడుదెంతో మనదీ అంతే. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఉత్తరంగా ఎన్నూరు దాకా మొదటి ముక్క తవ్వించాడు. ఎన్నూరు వైపు ఉప్పుమళ్లు. ఆ ఉప్పు ఊళ్లోకి రావడానికి నీటిదారి కావాలి. సెంట్రల్ స్టేషను అవతల రైల్వే గూడ్స్ యార్డు ఒకటుంది, సాల్ట్ కొట్టార్స్ అని. చాలామంది అదేదో ఇంగ్లీషు పేరనుకుంటారు. ఉప్పు నిలవచేసే కొట్టారం అండి అది, మన కొఠారుకు చుట్టం. తర్వాత ప్రభుత్వం తీసుకుని కాలువను ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెంచుకుంటూ పోయింది. దుగరాజపట్నం, కృష్ణపట్నం, అలా చివరికి పెదగంజాం. అక్కడ కొమ్మమూరు కాలువలో కలిసింది. కొమ్మమూరు కాలువ అంటే కృష్ణా నీళ్లు. అంటే ఒకప్పుడు బెజవాడలో పడవెక్కినవాడు కాలు తడవకుండా మద్రాసులో దిగొచ్చు. పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, అందులో సగానికి పైగా ఆంధ్రలోనే ఉంది.

మనం నిలబడిన ఈ ముక్క మాత్రం వేరు. కూవం నదికీ అడయారు నదికీ మధ్య ఉన్న ఈ 8 కిలోమీటర్లూ 1877-78లో తవ్వారు. ఏం సంవత్సరాలవి? ధాత కరువు. మన పెద్దవాళ్లు కాలం లెక్కపెట్టుకునే కరువు. తిండికోసం ఊళ్లొదిలి వచ్చిన జనానికి కరువు పని కింద ఈ మట్టి తవ్వే పని ఇచ్చారు. అప్పుడు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం డ్యూకు పేరు కాలువకు పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లలో ఎందరు తమిళులో, ఎందరు తెలుగువాళ్లో ఎవరు లెక్కపెట్టారు? ఎముకల గూడులాంటి మనిషి గంప ఎత్తితే ఆ గంపలో ఎంత మట్టి పడుతుందో ఊహించుకోండి. అలా గంప గంపగా తీసిన కాలువలోకి మనం ఈరోజు బిర్యానీ డబ్బా విసిరి పోతున్నాం.

1965, 66ల్లో వచ్చిన తుఫాన్లతో కాలువ బాగా దెబ్బతింది. లారీలూ పెరిగాయి, పడవలు తగ్గిపోయాయి. తర్వాత రైలొచ్చింది. స్తంభాల మీద నడిచే ఈ రైలు 1997లో ఈ లజ్ దాకా వచ్చింది, 2004లో తిరువాన్మియూరు దాకా పోయింది. స్తంభాలు ఎక్కడ వేశారు? కాలువలో. ఎవరి ఇల్లూ కొట్టక్కర్లేదు, ఎవరికీ పరిహారం ఇవ్వక్కర్లేదు. నీటికి పట్టా లేదు కదా. ఆ రైలు నేనూ ఎక్కుతాను, సుఖంగానే ఉంటుంది, కాదనను. కానీ కాలువ మధ్యలో స్తంభం పాతాక వాననీళ్లు దేన్ని చుట్టి పోవాలో ప్రతి కార్తీకంలోనూ చూస్తున్నాం.

ఇక్కడ మీకొక చిట్కా చెబుతాను. ఎవరూ నేర్పింది కాదు, చూసి చూసి తెలుసుకున్నాను. కాలువలో గుర్రపుడెక్క కనబడుతుంది కదా, ఊదారంగు పూలు పూస్తుంది, చూడ్డానికి అందంగానే ఉంటుంది. అది మంచినీటి మొక్క. మురుగైనా సరే ఉప్పు లేకపోతే చాలు, విరగబడి పెరుగుతుంది. ఉప్పు తగిలితే మాడిపోతుంది. కాబట్టి కాలువ వెంబడి దక్షిణంగా నడుస్తూ గుర్రపుడెక్క ఎక్కడ ఎర్రబడి, ఎండి, ఆగిపోయిందో చూడండి. సముద్రపు పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. ఎండాకాలం ఒకచోట, వానాకాలం ఒకచోట. నేను రెండు మూడేళ్లు ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. నోట్‌బుక్కు పాత పేపర్లతో కలిసి వెళ్లిపోయింది, అది వేరే కథ.

కోనేరు దగ్గర ఎక్కువసేపు ఆగను, మీకందరికీ తెలిసిందే. ఆ స్థలం ఆర్కాటు నవాబు ఇచ్చాడంటారు. గుడి ఒకప్పుడు సముద్రపు ఒడ్డునే ఉండేదని, పోర్చుగీసువాళ్ల కాలంలో పోయాక ఇప్పుడున్న చోట కట్టారని చరిత్రకారులు చెబుతారు. మెట్ల మీద కూర్చుంటే నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో చూడండి, మీ ఇంటి బోరులో నీళ్లెక్కడున్నాయో తెలిసిపోతుంది. కోనేరు ఎండి పిల్లలు క్రికెట్ ఆడిన ఏళ్లు నాకు గుర్తున్నాయి. 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి ఇంటికీ వాననీటి గుంత తప్పనిసరి చేసింది. మా అపార్ట్‌మెంట్లో అప్పుడు తిట్టుకుంటూ తవ్వించాం. తిట్టినవాళ్లలో నేను మొదటివాణ్ణి.

అక్కడినుంచి రామకృష్ణ మఠం రోడ్డు పట్టుకుని దక్షిణంగా. ఇప్పుడు మెట్రో తవ్వకాలు, నీలం రేకులు, ఫుట్‌పాత్ ఉన్నచోట లేదు, లేనిచోట బోర్డుంది. త్వరగా దాటేద్దాం. మందవెలి మాత్రం పేరు చూడండి. మందై వెళి. మంద మేసే బయలు. మన మందే, మన వెలే. ‘ఊరి వెలుపల’ అంటామే, ఆ వెలి. గొడ్లు మేశాయంటే గడ్డి ఉంది, గడ్డి ఉందంటే తడి ఉంది. తమిళులు ఊరికి పేరు పెడితే నేల గుణం చెప్పి పెడతారు. మనమూ అంతే అనుకోండి, మనకూ కుంటలూ చెరువులూ ఊరిపేర్లలోనే మిగిలాయి. టీనగర్‌లో మీ చుట్టాలు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. అబ్బో. టీనగర్ 1920ల్లో పుట్టిన పేట. అంతకుముందు అక్కడ పొడవాటి చెరువుండేది, మైలాపూరు దాకా సాగి ఉండేది, లాంగ్ ట్యాంక్ అనేవాళ్లు. పూడ్చి పేట వేశారు. నడిమధ్యలో పార్కుకు మన కాళహస్తి పానగల్లు రాజాగారి పేరు పెట్టారు. వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఇప్పటికీ ఉంది. ఆ రోడ్డు మీద నిలబడి లేకు ఎక్కడుందని అడిగితే ఆటోవాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. వాన గట్టిగా పడిన రోజు మాత్రం చెరువు తనంతట తనే వచ్చి చూపిస్తుంది.

ఇప్పుడు ఆవిడ దగ్గరికి వచ్చాం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు. రాజమండ్రిలో పుట్టారు, 1909లో. ఉప్పు సత్యాగ్రహం నాటికి ఇరవై ఏళ్లు. నేను ఇందాక చెప్పకుండా ఆపిన మూడో పేరు ఆవిడదే. తర్వాత 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆ రోడ్డులో మహిళా సభ ఉంది, ఆవిడ పేరిట ఆసుపత్రి ఉంది. అక్కడిదాకా వచ్చిన తెలుగువాళ్లు ఆసుపత్రి చూసుకుని, కార్లో కూర్చుని వెళ్లిపోతారు. ఆ పక్కనే, గోడ అవతల, ఉప్పు దానంతట అది తయారవుతున్న చోటుంది. అది చూసినవాళ్లు ఎంతమంది?

దాన్ని అడయారు పూంగా అంటారు, అసలు పేరు తొల్కాప్పియ పూంగా. పూంగా అంటే తమిళంలో పార్కు. అడయారు నది సముద్రంలో కలిసే ముందు ఒక పాయ ఉత్తరంగా చీలి, క్విబుల్ ఐలండ్ అనే దిబ్బను చుట్టుకుని ఊళ్లోకి దూరింది. ఇంగ్లీషులో క్రీక్ అంటారు. తెలుగులో దీనికి సలక్షణమైన మాటుంది: ఉప్పుటేరు. కొల్లేటికీ సముద్రానికీ మధ్య ఉన్నదాన్ని అదే పేరుతో పిలుస్తాం. పేపర్లలో చిత్తడి నేలలు అని రాస్తున్నారు, రాయనివ్వండి, మంచి మాటే. కానీ మా పల్లెలో ఎవరూ చిత్తడి నేల అనలేదు. బాడవ అనేవాళ్లు. గుంటూరు తీరంవాళ్లు పర్ర అంటారు. శ్రీకాకుళంవాళ్లను అడిగితే తంపర అంటారు. గోదావరివాళ్లకు మడ. ఇన్ని మాటలున్న జాతికి ఇది పనికిరాని నేల అని ఎవరు చెప్పారో నాకు తెలీదు. రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసుకున్నవాడెవడో చెప్పి ఉంటాడు.

నేను మందవెలిలో ఇల్లు తీసుకున్నప్పుడు అది నిజంగానే చెత్తకుప్ప. ఊళ్లో పాత ఇల్లు పడగొడితే ఆ ఇటుకా సిమెంటూ రాత్రికి రాత్రి ఇక్కడ తేలేది. ఒక తెల్లవారుజామున ఐదింటికి లారీ వెనక్కి పెట్టి దించుతుంటే నేను వెళ్లి అడిగాను. డ్రైవరు చాలా మర్యాదగా, ‘సార్, ఇది గుంతే కదా, నింపితే మీకే మంచిది’ అన్నాడు. కోపం రాలేదండి నాకు. పాపం, అతను నమ్మే అన్నాడు. మనమంతా అప్పుడు అదే నమ్మేవాళ్లం. తర్వాత కోర్టులూ, పోరాడిన జనమూ, చివరికి ప్రభుత్వమే ముందుకొచ్చి చెత్త ఎత్తించి, నీళ్లకు దారి తవ్వించి, మొక్కలు నాటించి, 2011లో 58 ఎకరాల్లో పూంగా తెరిచారు. ఏరూ, అది సముద్రంలో కలిసే మొగా అంతా కలిపితే 358 ఎకరాలు. లోపలికి వెళ్లడానికి వేళలూ నియమాలూ ఉంటాయి, కనుక్కుని వెళ్లండి. మామూలు పార్కు అనుకుని చాపలూ పులిహోరా పట్టుకెళితే గేటు దగ్గరే ఆపేస్తారు. (నవ్వులు)

లోపల మడచెట్టు ఒకటి చూపిస్తాను. మీరు చెయ్యాల్సిందల్లా ఒక ఆకు దగ్గరికి ముఖం పెట్టడం. కోయకండి, వంగి చూడండి. ఎండలో ఆకు మీద పంచదార చల్లినట్టు సన్నటి పలుకులు మెరుస్తుంటాయి. వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు కదా. ఈ చెట్టు ఉప్పూ నీళ్లూ కలిపే తాగాలి, దానికి వేరే దిక్కు లేదు. అందుకని వేళ్ల దగ్గరే చాలావరకు ఉప్పును ఆపేస్తుంది. తప్పించుకుని పైకి వచ్చినదాన్ని ఆకుల మీద చెమటలాగా బయటికి నెట్టేస్తుంది. నీళ్లు ఆరి ఉప్పు మిగులుతుంది. ప్రకాశంగారూ పంతులుగారూ దుర్గాబాయమ్మా ఏ ఉప్పు కోసం జైళ్లకు సిద్ధపడ్డారో, ఆ ఉప్పు ఇక్కడ ఆకు మీద ఊరికే పండుతోంది. మొదటిసారి చూసినప్పుడు నేను నాలిక మీద పెట్టుకుని పది నిమిషాలు అలాగే నిలబడిపోయాను. కాపలా అతను నాకు ఒంట్లో బాగాలేదనుకున్నాడు.

చెట్టు చుట్టూ కిందికి చూడండి. బురదలోంచి వందలకొద్దీ పెన్సిళ్లు నిలబెట్టినట్టు ఉంటాయి. అవి వేళ్లు. కిందికి పోవాల్సిన వేరు పైకి వచ్చింది. ఆ బురదలో గాలి ఉండదు, అందుకని ముక్కు బయటపెట్టి ఊపిరి తీసుకుంటుంది. ఇటుకల రద్దు తెచ్చి పోస్తే జరిగేదేమిటి? ఆ ముక్కులు మూసుకుపోతాయి. నరకక్కర్లేదు, ఊపిరాడక చెట్టు చచ్చిపోతుంది. మన లారీ డ్రైవరుకు అది తెలీదు. నాకూ అప్పుడు తెలీదు.

మడల్లో ఇంకో చెట్టుంది, తిల్ల. కోరింగ అడవికి వెళ్లినవాళ్లు చూసి ఉంటారు. పాలు కంట్లో పడితే చూపు పోతుందని అక్కడి జాలర్లు దూరంగా ఉంటారు. దాన్నే తమిళంలో తిల్లై అంటారు. చిదంబరానికి తిల్లై అని పేరు ఈ చెట్టు వల్లే. నటరాజు ఆడింది మడ అడవిలో అన్నమాట. ఇది నేను భక్తులకు చెబితే ఒక్కోసారి ముఖం చిట్లిస్తారు, బురదా అని. అవునండీ, బురదే.

(సభలో ఒకరు: పాములుంటాయా అండీ?)

ఉంటాయమ్మా. ఉండాలి కదా మరి. మీరు దారి మీద నడిస్తే అవి వాటి దారిన పోతాయి. నేను ఇన్నేళ్లలో రెండు చూశాను, రెండూ నన్ను చూసి పారిపోయాయి. నన్ను ఇబ్బందిపెట్టింది పాము కాదు, నా చెప్పే. ఒకసారి పూంగా బయట, ఏటి ఒడ్డున, నీళ్లు తీసి ఉన్నాయి కదా, నేల గట్టిగా కనబడింది కదా అని నాలుగడుగులు వేశాను. ఐదో అడుక్కి మోకాలి దాకా దిగబడింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న అతను లేవను కూడా లేదు, ‘పోటు వచ్చి పోయాక పైకి తేలుద్ది, రేపు రా’ అన్నాడు తమిళంలో. మర్నాడు వెళ్లాను. తేలలేదు.

వాసన గురించి అడుగుతారని తెలుసు, ముందే చెప్పేస్తాను. మడ బురదకు తనదైన వాసన ఉంటుంది, కాస్త కుళ్లిన ఆకుల వాసన, కాస్త ఉప్పు చేప వాసన. అది పాపం నేల ఒంటి వాసన. మనం ముక్కు మూసుకునేది దానికి కాదు. మన ఇళ్లనుంచి శుద్ధి చెయ్యకుండా వదిలిన మురుగుకు. కోడిగుడ్డు చెడినట్టు వస్తుందే, ఆ వాసన. ‘ఆ ఏరు కంపు’ అంటాం. ఏరు ఏం చేసిందండీ? అద్దె కట్టకుండా మన మరుగుదొడ్డి వాళ్లింట్లో పెట్టి, వాళ్లిల్లు కంపని మనమే అంటున్నాం.

ఇక పాటు వేళ. పాటు అంటే నీళ్లు తీసే వేళ, పోటు అంటే వచ్చే వేళ. ఈ నడకకు పొద్దున పాటు దొరికితే అదృష్టం. ఫోర్‌షోర్ ఎస్టేట్ వైపు ఏటి ఒడ్డున కదలకుండా ఓ పావుగంట నిలబడండి. మొదట బురద తప్ప ఏమీ కనబడదు. ఐదు నిమిషాలకు బురదలో చిన్న చిన్న కన్నాలు కనబడతాయి. ఇంకో రెండు నిమిషాలకు ఒక్కో కన్నంలోంచి ఒక్కో పీత. బొటనవేలి గోరంత. మగపీతకు ఒక చెయ్యి మామూలుగా ఉంటుంది, ఇంకోటి ఒంటికి మించిన సైజు. ఆ పెద్ద చేతిని పైకెత్తి దించుతుంది, ఎత్తి దించుతుంది, ఆడపీతను రమ్మని. వందల పీతలు ఒకేసారి. మా మనవడు చూసి, ‘తాతా, అవి బస్సు ఆపుతున్నాయి’ అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. మీ నీడ కదిలితే చాలు, అన్నీ లోపలికి. మళ్లీ ఐదు నిమిషాలు ఆగాలి.

వాటికోసం గుడ్డికొంగలు కాచుకుని ఉంటాయి. గుడ్డికొంగకు కళ్లు బ్రహ్మాండంగా కనబడతాయి, మనకే అది కనబడదు, మట్టిరంగులో మట్టిలాగా కూర్చుంటుంది. ఎగిరితే తెల్లటి రెక్కలు. ఎర్రటి సన్నకాళ్ల ఉల్లంకులు, నీటికాకులు, లకుముకి పిట్టలు. అదృష్టం ఉన్న రోజు గూడబాతు. మా నేలపట్టులో గూళ్లు పెట్టే గూడబాతులే, పక్కూరికి వచ్చినట్టు వచ్చి పోతాయి. వాటికి సూళ్లూరుపేట దగ్గర రాష్ట్రం మారిందని ఎవరూ చెప్పలేదు.

ఏటి ఒడ్డునే ఇంకా ముందుకు పోతే శ్రీనివాసపురం, జాలర్ల పేట, ఆ తర్వాత మొగ. నది సముద్రంలో కలిసే నోటిని మా వైపు మొగ అంటాం. అక్కడ విరిగిన వంతెన ఉంది. 1967లో కట్టారు, పదేళ్లకు 1977లో వరద కొట్టుకుపోయింది, సగం అలా గాల్లో నిలబడి ఉంది. సినిమాల్లో చూసే ఉంటారు. ఎండాకాలం మొగకు అడ్డంగా ఇసుక మేట పడుతుంది. మేట పడితే పోటు లోపలికి రాదు. పోటు రాకపోతే నీళ్లు కదలవు, దోమలు, గుర్రపుడెక్క, కంపు. యంత్రాలు పెట్టి తవ్విస్తారు, కొన్నాళ్లకు మళ్లీ పడుతుంది. వానాకాలం నది తనే తెంచుకుంటుంది. 2015 డిసెంబరులో ఎలా తెంచుకుందో సైదాపేట, కొట్టూరుపురంలో ఉన్నవాళ్లను అడగండి. ఊళ్లో గుంతలన్నీ నింపేశాక నీళ్లకు మిగిలిన గుంత మన ఇల్లే. 2004 సునామీలో మన ఉత్తరపు తీరంలో బకింగ్‌హాం కాలువ కెరటం ఊపును కొంత పీల్చుకుందని, దాని వల్ల బతికామని చెప్పిన జాలర్లు ఉన్నారు. సరుకుల కోసం తవ్విన కాలువ ఇన్నేళ్ల తర్వాత అలా పనికొచ్చింది.

మొగ దగ్గర ఇసుకలో కూర్చుంటే అవతలి ఒడ్డున దట్టంగా చెట్లు. అది థియసాఫికల్ సొసైటీ తోట, 1882 నుంచి అక్కడే ఉంది. మదనపల్లెలో పుట్టిన పద్నాలుగేళ్ల పిల్లవాడు, జిడ్డు కృష్ణమూర్తి, 1909లో తమ్ముడితో కలిసి ఆ ఇసుకలో ఆడుకుంటుంటేనే ఆ సొసైటీ పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ కంట్లో పడ్డాడు. తర్వాత ఆయన ప్రపంచమంతా తిరిగాడు, చివరిదాకా నడక మానలేదు. నేను ఇవతలి ఒడ్డున కూర్చుని, ఆయనేం చూసి ఉంటాడు అనుకుంటుంటాను. ఇవే పీతలు చూసి ఉంటాడు.

టైమైపోయిందని అక్కడినుంచి సైగ చేస్తున్నారు. వచ్చే ఆదివారం నడుస్తాం. పొద్దున ఐదున్నరకు పార్కు గేటు దగ్గర, ఆరింటికి కాదు. పోటుపాట్ల పట్టిక చూశాను, ఎనిమిది ప్రాంతానికి నీళ్లు తీసి ఉంటాయి, ఆ వేళకు మనం ఏటి ఒడ్డున ఉండాలి. టోపీ, నీళ్ల సీసా. సెంటు కొట్టుకు రావద్దు, పిట్టలకు సంగతేమో గానీ నాకు తుమ్ములొస్తాయి. తిరుగు ప్రయాణానికి పట్టినపాక్కం బస్‌స్టాండు దగ్గరే. చెప్పులు మాత్రం పాతవే వేసుకు రండి.